తీగ నుంచి సంకేతం దాకా: వాహన విద్యుత్ దోషనిర్ధారణ చరిత్ర – ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నేపథ్యం

వ్యాససంగ్రహం

మోటారు వాహనంలో విద్యుత్ దోషాన్ని గుర్తించే పద్ధతి నూరేళ్లలో కంటిచూపు నుంచి టెస్టు ల్యాంపుకు, అక్కడి నుంచి మీటరుకు, చివరకు స్కానర్ చూపే సంకేతానికి మారింది. ఈ మార్పును సాంకేతిక ప్రగతిగా మాత్రమే చూడడం పరిపాటి. దోషాన్ని తెలుసుకొనే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న కూడా ఈ చరిత్రలో అంతర్భాగమే. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలు చాలాకాలం రైలుమార్గం లేక రోడ్డు రవాణాపైనే ఆధారపడినవి. ఆ నేపథ్యంలో సెన్సార్ల రాక, ఉద్గార ప్రమాణాలు, ఇంటివద్ద దోషనిర్ధారణకు ఉన్న అవకాశాలు, హద్దులు, మరమ్మతు భాష, సమాచార హక్కు అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంకేతం దోషమున్న వలయాన్ని మాత్రమే సూచిస్తుందనీ, దోషస్థానాన్ని నిర్ణయించడానికి పాత విద్యుత్ పనివారి తర్కమే నేటికీ ఆధారమనీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: వాహన విద్యుత్, సెన్సార్, వైరింగ్, దోషనిర్ధారణ, ఉద్గార ప్రమాణాలు, మరమ్మతు హక్కు, వృత్తిపదాలు, కడప జిల్లా.

1. ప్రవేశిక

తెలుగునాట వృత్తుల చరిత్ర రాసేటప్పుడు కమ్మరం, వడ్రంగం, చేనేత వంటి సంప్రదాయ వృత్తులకు దక్కిన స్థానం మోటారు మరమ్మతుకు దక్కలేదు. ఈ పని ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది. కులవృత్తిగా సంక్రమించలేదు. గురువు దగ్గర చేరి, పానాలు అందిస్తూ, చూస్తూ నేర్చుకొన్న విద్య ఇది. ఇందులోనూ ఇంజను విప్పే మెకానిక్ వేరు, తీగల పని చూసే ఆటో ఎలక్ట్రీషియన్ వేరు. మొదటివాడి పని చేతికి నూనె మరకగా కనిపిస్తుంది. రెండవవాడి పని కంటికి కనిపించదు. ప్రవాహం ఎక్కడ ఆగిందో ఊహించి, ఆ ఊహను పరీక్షించి చూడడమే అతని విద్య.

ఈ విద్య నేడు ఒక సంధిదశలో ఉంది. వాహనం తన దోషాన్ని తానే సంకేత రూపంలో చెబుతున్నదన్న అభిప్రాయం బలపడింది. ఆ సంకేతాన్ని చదివే పరికరం ఉన్నవాడే నిపుణుడన్న భావన కూడా దానితో వచ్చింది. ఈ అభిప్రాయాన్ని చారిత్రకంగా పరీక్షించవలసి ఉంది.

2. రైలు లేని పట్టణాలు

మద్రాసు రైల్వే వాయవ్య మార్గం కడప, యర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగి 1871 నాటికి రాయచూరు చేరింది. ఆ మార్గం ప్రొద్దుటూరును గాని, జమ్మలమడుగును గాని, పులివెందులను గాని తాకలేదు. యర్రగుంట్ల–నంద్యాల మార్గంలో ప్రయాణికుల రైళ్లు 2016 ఆగస్టులో మొదలైన తరువాతనే మొదటి రెండు పట్టణాలకు ఆ సౌకర్యం పూర్తిగా అందింది. పులివెందులకు ముద్దనూరే దగ్గరి స్టేషన్లలో ఒకటి. అంటే దాదాపు నూటయాభై ఏళ్లపాటు ఈ ప్రాంతపు సరకు, ప్రయాణం రెండూ ముందు ఎద్దుల బండి మీద, తరువాత మోటారు మీద సాగినవి.

బంగారం, బట్టల వ్యాపారానికి ప్రొద్దుటూరు పేరుపొందింది. జమ్మలమడుగు పరిసరాలు సున్నపురాతికి ప్రసిద్ధి. ఆ ప్రాంతపు నార్జి గ్రామం పేరే భూగర్భశాస్త్రంలో ఒక సున్నపురాతి శిలాశ్రేణికి స్థిరపడింది. ఆ రాయి ఆధారంగా యర్రగుంట్ల, చిలంకూరు ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలసినవి. పులివెందుల పల్లెలు వేరుశనగ, చీనీ, అరటి పంటలకు నెలవు. బండలు, సిమెంటు, పండ్లు మూడూ లారీని ఆశ్రయించే సరకులే. వీటిలో అరటి ఆగదు. దారిలో లారీ ఒక రాత్రి నిలిచిపోతే రైతుకు నష్టం ఆ రాత్రే మొదలవుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో విద్యుత్ దోషాన్ని త్వరగా కనిపెట్టడం బతుకుతెరువుకు సంబంధించిన విషయమైంది.

వాతావరణం కూడా దోషాలకు దోహదం చేసేదే. వేసవి ఎండకు ఇంజను గదిలోని తీగల తొడుగు గట్టిపడి పగులుతుంది. రాతిదుమ్ము, సిమెంటు దుమ్ము కనెక్టర్లలో చేరి తేమ తగిలినప్పుడు పొరకడుతుంది. కదలకుండా నిలిపిన బండిలో ఎలుకలు తీగలు కొరుకుతాయి. ఈ మూడు కారణాలకు బండి పాతదా కొత్తదా అన్న తేడా లేదు.

3. కంటికి కనిపించే దోషం

తొలినాటి మోటారు వాహనాలలో విద్యుత్తుకు ముఖ్యమైన పని ఒక్కటే: సిలిండరులో నిప్పురవ్వ పుట్టించడం. బాష్ సంస్థ 1902లో రూపొందించిన అధిక వోల్టేజి మాగ్నెటో ఆ పని చేసింది. 1912 నాటి కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టరును ప్రవేశపెట్టడంతో బ్యాటరీ, డైనమో వాహనంలో స్థిరపడినవి. కాయిలు, డిస్ట్రిబ్యూటరు, పాయింట్లు, కండెన్సరు కలిసిన జ్వలన పద్ధతి ఆ తరువాత దశాబ్దాలపాటు ప్రపంచమంతటా నిలిచింది. భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 మొదలైన పెట్రోలు కార్లు చాలాకాలం ఇదే సూత్రంపై నడిచినవి.

ఈ పద్ధతిలో దోషం బహిరంగం. డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే పాయింట్లు నల్లబడ్డాయో, గుంటలు పడ్డాయో కనిపిస్తుంది. వాటిని ఉప్పుకాగితంతో రుద్ది, ఎడాన్ని సుమారు 0.4 మిల్లీమీటరుకు సరిచేస్తే బండి కదులుతుంది. కండెన్సరు చెడిందన్న సంగతిని పాయింట్లు త్వరత్వరగా కాలిపోవడమే చెబుతుంది. అందువల్ల బండి యజమానికి, డ్రైవరుకు, మెకానిక్కుకు మధ్య జ్ఞానంలో గట్టి గోడ లేదు. పాయింట్లు సరిచేయడం తెలియని డ్రైవరును ఆ కాలంలో పూర్తి డ్రైవరుగా లెక్కించేవారు కారు.

తీగల విషయంలోనూ ఇదే పారదర్శకత ఉండేది. వాహనంలో ప్రవాహం ఒక తీగమీద వెళ్లి, ఇనుప చట్రం ద్వారా బ్యాటరీకి తిరిగివస్తుంది. ఈ తిరుగుదారినే మెకానిక్కులు ‘బాడీ ఎర్తు’ అంటారు. ఒక బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్టు ల్యాంపుతో ప్రవాహం ఎంతవరకు వచ్చిందో అంగుళం అంగుళం వెతకవచ్చు. వెలిగిన చోటుకు, వెలగని చోటుకు మధ్యనే తెగుదల ఉండాలి. వలయాన్ని సగం చేసి, దోషమున్న సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోయే ఈ తర్కం బడిలో నేర్చినది కాదు. అయినా అది కచ్చితమైన శాస్త్రీయ పద్ధతి.

4. విద్యుత్తు లేకున్నా నడిచిన లారీ

ఈ ప్రాంతపు చరిత్రలో పెట్రోలు కారు కన్నా డీజిల్ లారీ ముఖ్యమైనది. 1954లో మెర్సిడెస్–బెంజ్ సహకారంతో టాటా లారీల తయారీ మొదలైంది. 1955లో అశోక్ మోటార్స్ అశోక్ లేలండుగా మారింది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు. యాంత్రిక ఇంధన పంపు ఉన్న లారీని ఒకసారి స్టార్టు చేస్తే, బ్యాటరీ తీసివేసినా పంపు తిరుగుతున్నంతసేపు ఇంజను నడుస్తుంది. సెల్ఫ్ పనిచేయకపోతే పల్లంలో తోసి స్టార్టు చేయవచ్చు. విద్యుత్ దోషం వస్తే దీపాలు ఆరుతాయి, హారను మూగపోతుంది. కాని పగటిపూట సరకు గమ్యం చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. తరువాతి కాలంలో ఈ మూడు పట్టణాలలోనూ బస్సు డిపోలు నెలకొన్నవి. డిపోలో మరమ్మతు ఒక వ్యవస్థ: నిర్ణీత కాలానికి తనిఖీ, ప్రత్యేక ఎలక్ట్రీషియన్లు, విడిభాగాల గిడ్డంగి. 1950లో మొదలైన కేంద్ర వృత్తిశిక్షణ పథకం కింద పారిశ్రామిక శిక్షణ సంస్థలు ‘మోటారు వాహన మెకానిక్’ శిక్షణను అందించినవి. వీటికి సమాంతరంగా వీధిలోని చిన్న షాపులో గురుశిష్య పద్ధతి కొనసాగింది. యాంత్రిక లారీ కాలంలో ఈ రెండింటి మధ్య పరికరాల అంతరం పెద్దగా లేదు. పానా, టెస్టు ల్యాంపు, మీటరు ఇద్దరి దగ్గరా ఉన్నవే.

5. సెన్సార్ల రాక

ఈ సమత్వాన్ని మార్చినది గాలి కాలుష్యం గురించిన ఆందోళన. ఇంధనాన్ని కచ్చితంగా కొలిచి వాడాలంటే ఇంజను వేడి, గాలి పరిమాణం, భ్రమణ వేగం క్షణక్షణం తెలియాలి. బాష్ 1967లో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షనును, 1976లో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సారును ప్రవేశపెట్టింది. 1986లో ‘క్యాన్’ అనే సమాచార మార్గాన్ని ప్రకటించింది. ఎన్నో నియంత్రణ పెట్టెలు రెండే తీగల మీద మాట్లాడుకొనే ఏర్పాటు అది. అమెరికాలో 1996 నమూనా కార్ల నుంచి ఒకే రకమైన పదహారు కాళ్ల సాకెట్, ఒకే రకమైన దోష సంకేతాలు తప్పనిసరి అయినవి.

భారతదేశంలో ఇండియా–2000 ప్రమాణాలతో కార్బురేటరు కాలం ముగింపుకు వచ్చింది. భారత్ స్టేజి–4 నాలుగు చక్రాల వాహనాలకు 2010 ఏప్రిల్ నుంచి తొలిదశ, 2013 ఏప్రిల్ నుంచి మలిదశ అంతర్గత దోషనిర్ధారణ వ్యవస్థ వచ్చింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి–3 వాహనాల అమ్మకం దేశమంతటా ఆగిపోయింది. ఐదవ దశను దాటవేసి 2020 ఏప్రిల్ 1 నుంచి ఆరవ దశను అమలుచేశారు. లారీలలో యూరియా ద్రావణంతో పొగను శుద్ధిచేసే పరికరాలు, నైట్రోజన్ ఆక్సైడు సెన్సార్లు విస్తరించినవి. ఆ శుద్ధి వ్యవస్థలో దోషాన్ని సరిచేయకుండా నడిపితే ఇంజను శక్తిని తగ్గించే ఏర్పాటు కూడా ఉన్నది.

ఇక్కడే చారిత్రకమైన మలుపు ఉంది. మునుపటి లారీకి విద్యుత్తు తోడు మాత్రమే. నేటి లారీకి అది ప్రాణం. ఇంజను తిరుగుడును తెలిపే క్రాంకు సెన్సారు తీగ ఒక్కటి తెగితే మొత్తం బండి నిలిచిపోవచ్చు. అయితే మార్పు అందరికీ ఒకేసారి రాలేదు. ట్రాక్టర్లకు కొత్త ఉద్గార ప్రమాణం 2023 జనవరి 1 నుంచి 50 అశ్వశక్తికి పైబడిన వాటికే వర్తించింది. దేశంలో రైతులు వాడే ట్రాక్టర్లలో అధికభాగం ఆ హద్దుకు లోపలివే. అందుచేత పులివెందుల ప్రాంతపు తోట రైతు ఇంట్లో సెన్సార్లు లేని ట్రాక్టరు, సెన్సార్లపై నడిచే సరకు బండి ఒకే కొట్టం కింద ఉండడం సహజం. రెండు యుగాల విద్య ఆ ఇంటికి ఏకకాలంలో అవసరం.

6. సంకేతం చెప్పేది, చెప్పనిది

స్కానర్ చూపే సంకేతాన్ని తుదితీర్పుగా భావించడం నేటి మరమ్మతులో పెద్ద పొరపాటు. ఒక ఉదాహరణ ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. పి0118 అనే సంకేతానికి ‘ఇంజను శీతలద్రవ ఉష్ణోగ్రత వలయంలో సంకేత వోల్టేజి ఎక్కువ’ అని అర్థం. దీనిని చూడగానే ఉష్ణోగ్రత సెన్సారును మార్చడం తరచుగా జరిగే పని. కాని సంకేతంలో ఉన్న ముఖ్యమైన మాట ‘వలయం’.

ఈ సెన్సారు వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే పదార్థంతో తయారవుతుంది. ఎక్కువగా వాడే ఒక రకానికి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద 300 ఓములకు కాస్త పైన నిరోధం ఉంటుంది. నియంత్రణ పెట్టె దీనికి 5 వోల్టుల ఆధారం ఇచ్చి, వలయంలో నిలిచిన వోల్టేజిని బట్టి వేడిని లెక్కిస్తుంది. తీగ తెగితే వోల్టేజి తగ్గకుండా పూర్తిగా నిలిచి ఉంటుంది. అప్పుడు పెట్టె దానిని గడ్డకట్టే చలిగా, సుమారు మైనస్ 40 డిగ్రీలుగా చదువుతుంది. మే నెల ఎండలో ప్రొద్దుటూరులో నిలిచిన కారు మైనస్ 40 డిగ్రీలు చూపిందంటే, లెక్క తప్పిన చోటు వలయంలోనే ఉందని ఎవరికైనా తెలియాలి.

ఇక్కడ పాత పద్ధతే దారి చూపుతుంది. సెన్సారు కనెక్టరు ఊడదీసి, తీగల వైపున్న రెండు కాళ్లను చిన్న తీగతో క్షణకాలం కలిపితే స్కానర్‌లో వేడి ఒక్కసారిగా గరిష్ఠానికి చేరాలి. చేరితే తీగలు, పెట్టె బాగున్నట్టు. లోపం సెన్సారులోనో దాని కనెక్టరులోనో ఉన్నట్టు. చేరకపోతే లోపం తీగలో, అరుదుగా పెట్టెలో ఉన్నట్టు. అప్పుడు కొత్త సెన్సారు కొనడం వృథా. వలయాన్ని సగం చేసి చూడాలన్న టెస్టు ల్యాంపు కాలపు తర్కానికీ దీనికీ తేడా లేదు. మారినది సాధనం మాత్రమే.

అయితే పాత సాధనాన్నే యథాతథంగా వాడితే ప్రమాదం. 12 వోల్టుల, 5 వాట్ల బల్బు సుమారు 0.4 ఆంపియరు ప్రవాహాన్ని లాగుతుంది. మిల్లీ ఆంపియర్ల లెక్కలో పనిచేసే సెన్సారు వలయాన్ని ఆ బల్బే చెరపవచ్చు. తీగను బాడీకి తాకించి నిప్పురవ్వ చూసే అలవాటు కూడా అంతే. సెన్సారు వలయాల్లో టెస్టు ల్యాంపు స్థానాన్ని డిజిటల్ మల్టీమీటరు తీసుకోవడానికి కారణం ఇదే.

7. ఇంటివద్ద దోషనిర్ధారణ: క్రమం, హద్దులు

సాకెట్, సంకేతాలు ఏకరూపం పొందడంతో ఊహించని పరిణామం ఒకటి జరిగింది. బ్లూటూత్ ద్వారా ఫోనుకు అనుసంధానమయ్యే చౌక రీడర్లు వచ్చి, సంకేతాన్ని చదివే పని మళ్లీ ఇంటి ముంగిటికి చేరింది. పాయింట్ల కాలంలో యజమానికి ఉన్న చొరవ కొంతమేర తిరిగివచ్చింది. దానిని వినియోగించుకోవడానికి ఒక క్రమం అవసరం.

మొదట బ్యాటరీని చూడాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టులు చూపాలి. రెండు బ్యాటరీలను వరుసలో కలిపిన 24 వోల్టుల లారీలలో ఈ విలువలు రెట్టింపు. వోల్టేజి పడిపోతే సంబంధం లేని అనేక సంకేతాలు ఒకేసారి పుడతాయి. తరువాత ఎర్తును పరీక్షించాలి. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు బ్యాటరీ రుణధ్రువానికి, ఇంజనుకు మధ్య 0.2 వోల్టులకు మించి తేడా ఉంటే ఎర్తు తీగ బిగింపులో తుప్పో, రంగో అడ్డుపడినట్టు అనుమానించాలి. ఆపైన ఫ్యూజులు, కనెక్టర్లు, చివరగా సెన్సారు. సంకేతాలను చెరిపే ముందు రాసిపెట్టుకోవాలి. చెరిపితే దోషం పోదు, దాని ఆనవాలు పోతుంది.

అప్పుడప్పుడు వచ్చి పోయే దోషమే అన్నిటిలోకీ కష్టమైనది. ఇంజను నడుస్తుండగా వైరింగ్‌ను వేడి భాగాలకు, ఫ్యానుకు దూరంగా కొద్దికొద్దిగా కదిలిస్తూ స్కానర్‌లో విలువ ఎక్కడ ఎగిరిపడుతుందో చూడడం దీనికి మార్గం. అనేక పెట్టెలు ఒకేసారి మూగపోతే క్యాన్ మార్గాన్ని పరిశీలించాలి. బ్యాటరీ విప్పి, సాకెట్‌లోని 6, 14 కాళ్ల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి. ఆ మార్గం రెండు చివరలా 120 ఓముల నిరోధాలు సమాంతరంగా ఉండడమే దీనికి కారణం. 120 వస్తే ఒక చివర తెగినట్టు. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం తాత్కాలికమే. టంకం వేసి గాని, సరైన జాయింటు బిగించి గాని, తేమ చొరని తొడుగు వేయాలి. లారీ బాడీకి వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ తీగలు విప్పడం కూడా ఈ క్రమంలో భాగమే.

ఇంటి పనికి హద్దులున్నవి. పసుపు కనెక్టర్లతో గుర్తించే ఎయిర్‌బ్యాగు వలయంలో మీటరు పెట్టడం ప్రాణాపాయం. విద్యుత్ వాహనాలలో నారింజరంగు తీగలు అధిక వోల్టేజికి గుర్తు. వాటి జోలికి శిక్షణ లేనివారు పోరాదు.

8. మరమ్మతు భాష

ఈ విద్య తనకంటూ ఒక తెలుగును తయారుచేసుకొంది. ‘కరెంటు రాలేదు’, ‘ఎర్తు అందలేదు’, ‘షార్టు అయింది’, ‘లూజ్ కాంటాక్టు’, ‘ఫ్యూజు కొట్టేసింది’, ‘సెల్ఫ్ పట్టలేదు’ మొదలైన ప్రయోగాలలో నామవాచకం ఆంగ్లం, క్రియ తెలుగు. క్రియలో ఉన్నది రోగనిర్ణయం. ‘రాలేదు’ అంటే సరఫరా వైపు వెతకాలి. ‘అందలేదు’ అంటే తిరుగుదారి వైపు వెతకాలి. ‘పట్టలేదు’ అంటే యాంత్రికమైన కలయికను చూడాలి. స్కానర్ భాషలో ఇటువంటి దిశాసూచన సంక్షిప్త సంకేతంగా ఉంటుంది. దానిని ఈ క్రియలలోకి మార్చుకోగలిగినవాడే పని సాధిస్తాడు. పి0118ను ‘సెన్సారు పోయింది’ అని కాక ‘ఆ వలయం తెగి ఉండవచ్చు’ అని చెప్పుకొన్నప్పుడు ఖర్చు తగ్గుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వెలువడింది. వృత్తి భాషలో జ్ఞానం దాగి ఉంటుందని ఆ కృషి చాటింది. పాయింట్లు, డైనమో, కటౌటు వంటి మాటలు తెలిసిన తరం తప్పుకొంటున్న ఈ సమయంలో మోటారు మరమ్మతు పదాలను కూడా అదే శ్రద్ధతో సేకరించవలసి ఉంది.

9. సమాచారం ఎవరిది?

సామాన్య సంకేతాలు అందరికీ ఒకటే. కాని తయారీదారుల ప్రత్యేక సంకేతాలు, వైరింగ్ పటాలు, కొత్త భాగాన్ని పెట్టెకు పరిచయం చేసే సాఫ్ట్‌వేరు అందరికీ అందుబాటులో ఉండవు. భారత పోటీ కమిషన్ 2011 నాటి 3వ నంబరు కేసులో 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో మైలురాయి. విడిభాగాలను, దోషనిర్ధారణ పరికరాలను స్వతంత్ర మరమ్మతుదారులకు అందనీయకపోవడం పోటీకి విరుద్ధమని పేర్కొంటూ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ దాని పరిధిలో చేరినవి.

మహానగరంలో ఈ వివాదం ఖర్చుకు సంబంధించినది. పులివెందుల, జమ్మలమడుగు వంటి చోట్ల ఇది దూరానికి, కాలానికి కూడా సంబంధించినది. వైరింగ్ పటం దొరికితే ఊళ్లోని ఎలక్ట్రీషియన్ ఒక పూటలో తేల్చే దోషానికి, అది దొరకనప్పుడు బండిని మరో ఊరికి లాగించవలసి వస్తుంది. లోపించినది నైపుణ్యం కాదు, కాగితం.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. రైలు ఆలస్యంగా చేరిన, లేదా చేరని ఈ పట్టణాలలో వాహన విద్యుత్ మరమ్మతు ఆర్థిక జీవనానికి ఆధారమైన వృత్తిగా ఎదిగింది.

2. యాంత్రిక డీజిల్ లారీ కాలంలో విద్యుత్ దోషం అసౌకర్యం మాత్రమే. సెన్సార్ల కాలంలో అదే బండిని నిలిపివేసే కారణమైంది.

3. దోష సంకేతం వలయాన్ని సూచిస్తుంది. దోషస్థానాన్ని తేల్చేది వలయాన్ని విభజించి పరీక్షించే పాత తర్కమే.

4. చౌక రీడర్లు ఇంటివద్ద దోషనిర్ధారణకు మళ్లీ దారి తెరచినవి. దానికి క్రమశిక్షణ, భద్రతాపరమైన హద్దులు అవసరం.

5. వృత్తిపదాల సేకరణ, తెలుగులో వైరింగ్ పటాల లభ్యత ఈ విద్య కొనసాగడానికి తోడ్పడతాయి.

టెస్టు ల్యాంపు పట్టిన చేతికి స్కానర్ శత్రువు కాదు. ఆ చేతికి ఉన్న తర్కాన్ని గుర్తించి, దానికి కావలసిన సమాచారం అందించినప్పుడే కొత్త పరికరం ఈ ప్రాంతానికి నిజంగా అక్కరకు వస్తుంది.